ఇన్ని పుస్తకాల్లో... ముందు ఏది?

కొన్నప్పుడు సంబరం. అట్ట వేసి బీరువాలో పెట్టినప్పుడు తృప్తి. ఆ తర్వాత... అటుగా వెళ్లినప్పుడల్లా ఏదో అప్పున్నట్టు చూపు పక్కకి తిప్పుకోవడం! చదవని పుస్తకాలు ఇంట్లో ఉన్న ప్రతివారికీ తెలిసిన బాధే ఇది. ఇంతకీ ఆ గుట్టలోంచి ముందుగా చేతిలోకి తీసుకోవాల్సింది ఏది?

ఆదివారం సాయంత్రమైతే ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు బైకులూ ఆటోలూ బారులు తీరతాయి. పిల్లల కేరింతలు, మొక్కజొన్న కంకుల పొగ, ఒడ్డున సేదతీరే పడవలు... సముద్రం దగ్గర సందడే సందడి. ఆ సందడికి కాస్త ఎడంగా, ఊళ్లో ఓ రిటైర్డు మాస్టారు ఉన్నారనుకుందాం. పేరెందుకు? ఆయనలాంటి వాళ్లు లేని ఊరుండదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పుస్తకాలు కొన్నారు. ‘రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటా’ అనుకున్నారు. రిటైరయ్యారు. తీరిక వచ్చింది. బీరువా తలుపు తీసి నిలబడ్డారు.

‘‘మావయ్యగారూ, వీటిలో ఎన్ని చదివారు?’’ కోడలు కాఫీ గ్లాసు అందిస్తూ మామూలుగానే అడిగింది.

మాస్టారు లెక్కపెట్టారు. చదవనివి మూడొందలు!

కోడలు వెళ్లిపోయింది. ఆయన మాత్రం లెక్కలో పడ్డారు. నెలకో పుస్తకం చొప్పున ఏడాదికి పన్నెండు. మూడొందలు పూర్తవ్వాలంటే పాతికేళ్లు. ఇప్పుడు వయసు అరవై. అంటే ఎనభై అయిదో ఏట ఆఖరి పుస్తకం మూయాలి. కళ్లు సహకరిస్తే, మధ్యలో ఒక్క కొత్త పుస్తకం కూడా కొనకుంటే! ఏటా జనవరిలో విజయవాడ వెళ్లి ఓ పది పుస్తకాలు తెచ్చుకునే అలవాటు మానకపోతే... ఏడాదికి తగ్గేది రెండే. అప్పుడు మూడొందలకీ పట్టేది నూటయాభై ఏళ్లు.

నవ్వు తెప్పించే లెక్కే. కానీ అందులో నవ్వలేని నిజం ఒకటుంది. అన్నీ చదవడం కుదరదు. అందుకే, ఏది ముందు అని అడగడమంటే ఏది ఎప్పటికీ చదవం అని కూడా ఒప్పుకోవడమే. బీరువా ముందు అంతసేపు నిలబడిపోయేది బహుశా అందుకేనేమో!

గుట్ట ఎలా పెరుగుతుంది?

బియ్యం అయిపోతే బియ్యం కొంటాం. పుస్తకాల దగ్గర ఆ లెక్క నడవదు. విజయవాడలో 1989 నుంచి పుస్తకాల పండగ జరుగుతోంది. సాధారణంగా కొత్త సంవత్సరం రోజుల్లోనే మొదలవుతుంది. అది స్వరాజ్య మైదానంలో జరిగే రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లి, రెండు చేతుల్లో సంచులతో తిరిగొచ్చిన వాళ్లెందరో. అదే ఊళ్లో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాలు సరేసరి. హైదరాబాద్ వెళ్తే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. అక్కడ బేరమాడి గెలిచిన ఆనందంలో కొన్న పుస్తకాలకు లెక్కే ఉండదు. చదవాలనిపించి కొన్నవి కొన్నయితే, ఆ ధరకి వదలబుద్ధి కాక కొన్నవి ఇంకొన్ని!

కాస్త పెద్ద వయసు వాళ్ల ఇళ్లలో ఇంకో రకం నిధి కూడా ఉంటుంది... మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణలు. నున్నటి కాగితం, గట్టి అట్ట, నామమాత్రపు ధర. గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్‌లు అలా మన పల్లెల్లోకి నడిచొచ్చారు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ రాక ఆగిపోయింది. ఇక దొరకవని భద్రంగా దాచుకున్నారు. దాచుకున్నవాటిని తీసి చదివిన వాళ్లు మాత్రం తక్కువే.

కొని పోగేయడం, చదవకపోవడం... ఈ అలవాటుకి జపాన్ వాళ్లు ఏకంగా ఓ పేరే పెట్టుకున్నారు, ‘సుందోకు’ అని. పోగేసి వదిలేయడం, చదవడం అనే రెండు మాటల్ని కలిపి సరదాగా పుట్టించిన పదం. అదీ నిన్న మొన్నటిది కాదు, పందొమ్మిదో శతాబ్దపు మెయిజీ చక్రవర్తి కాలం నాటిది. కాబట్టి జబ్బు పాతదే.

ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో ఇంట్లో ముప్ఫై వేల పుస్తకాలుండేవట. వచ్చినవాళ్లు ‘ఇవన్నీ చదివారా?’ అని నోరెళ్లబెట్టేవారు. చదివినవాటికంటే చదవనివే మనిషికి ఎక్కువ పనికొస్తాయని, మనకింకా ఎంత తెలియదో అవి గుర్తుచేస్తుంటాయని ఆయన గ్రంథాలయాన్ని ఉదాహరణగా చూపిస్తూ రాశాడు నసీమ్ తాలెబ్, 2007లో వచ్చిన తన పుస్తకంలో. వినడానికి బాగుంది. కానీ కొత్తపట్నం మాస్టారికి కావాల్సింది ఓదార్పు కాదు... ఇవాళ సాయంత్రానికి ఓ పుస్తకం!

పడవలో వచ్చిన పుస్తకం

ఎంచుకోలేక సతమతమవడం అనేది, నిజానికి మన తాతలకు లేని కష్టం. వాళ్ల కష్టం వేరు. పుస్తకం దొరకడమే గగనం.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. వెనకుండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య. ఊరూరా గ్రంథాలయం పెట్టాలన్న ఉద్యమం అలా ఊపందుకుంది. నాలుగేళ్లకి, 1918లో, చీరాల పక్కనున్న వేటపాలెంలో కొందరు కుర్రాళ్లు కలిసి ఓ చిన్న గ్రంథాలయం మొదలుపెట్టారు. అదే సారస్వత నికేతనం. చేనేత మగ్గాలకీ జీడిపప్పుకీ పేరుపడ్డ ఊరు, పుస్తకాలకీ పేరు తెచ్చుకుంది. 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. అంతకంటే విలువైనవి పాత పత్రికల సంపుటాలు. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వాటికోసం ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. కొత్తపట్నం నుంచి తీరం వెంబడి ఉత్తరంగా వెళ్తే ఆ ఊరు ఏమంత దూరమూ కాదు.

ఇంకా చిత్రమైనది పడవ గ్రంథాలయం. గుంటూరు జిల్లా పెదపాలెంలో సేవాశ్రమం నడిపిన పాతూరి నాగభూషణం ఆలోచన అది. 1935లో మొదలైంది. బస్సులు పెద్దగా లేని కాలం. కృష్ణా డెల్టా కాలవల మీద జనం పడవల్లోనే ప్రయాణించేవారు. ప్రయాణం గంటల తరబడి. ఆ ఖాళీ సమయం ఊరికే పోకూడదని పడవలో పుస్తకాల పెట్టె పెట్టారు. ప్రయాణికులు చదువుకునేవారు, కాలవ గట్టు ఊళ్ల వాళ్లూ తీసుకునేవారు. ఆ పెట్టెలో ఉన్నవే పుస్తకాలు. నచ్చినా నచ్చకపోయినా రేవు వచ్చేదాకా అదే తోడు. ‘ఏది ముందు’ అన్న ప్రశ్నకి చోటేదీ?

చదవడమే నేరమైన రోజులూ ఉన్నాయి. గుంటూరు జిల్లా వాడైన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలుగు చూస్తే, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇదే కొత్తపట్నంలో 1937 వేసవిలో సోషలిస్టులు రాజకీయ పాఠశాల పెడితే, దాన్నీ ప్రభుత్వం నిషేధించింది. నాలుగు పాఠాలు విందామని ఈ సముద్రపు ఒడ్డుకి వచ్చిన కుర్రాళ్లని చూసి సర్కారు భయపడింది మరి! ఒకప్పుడు సర్కారు ఎవరి చేతా చదవనివ్వకూడదనుకున్న ఆ ‘మాలపల్లి’ ఇప్పుడు మన మాస్టారి బీరువాలో మూడో అరలో ఉంది. ఎవరూ వద్దనలేదు. అయినా ఎవరూ తెరవలేదు.

బ్రౌన్ దొర ఏం చేశాడు?

తెలుగులో చదవని గుట్ట ముందు నిలబడ్డవాళ్లలో అందరికంటే పెద్ద గుట్ట చూసినవాడు బహుశా సి.పి.బ్రౌన్. ఆయన వచ్చేనాటికి మన కావ్యాలు చాలావరకు తాటాకుల మీదే ఉన్నాయి. పురుగు తిన్నవి, తప్పుల తడకలు, సగం పోయినవి. వేల ప్రతులు. పండితులకు జీతాలిచ్చి వెతికించాడు, సరిచూపించాడు. లండన్ వెళ్లినప్పుడు అక్కడ మూలనపడి ఉన్న తెలుగు తాళపత్రాలు కనబడితే వాటినీ మద్రాసు చేర్పించాడు.

అన్నింటిలో ముందు పట్టుకున్నది? మహాకావ్యాలు కాదు, వేమన్నని! ఆ రోజుల్లో చాలామంది పండితులు చులకనగా చూసిన వేమన్నని. దూబా అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో ఆ పేరు కనిపించడంతో 1824లో ఆయనకు ఆసక్తి పుట్టింది. ప్రతులు సేకరించి, 1829లో ఇంగ్లిష్ అనువాదంతో సహా అచ్చు వేయించాడు. గొప్పది ఏదని ఎవరినైనా అడిగుంటే వేమన్న పేరు చెప్పేవారో లేదో! ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూపించింది, ఆయన ఆ దారినే పోయాడు. భాష నేర్చుకుంటున్నవాడికి చిన్న చిన్న పద్యాలు, తేలిక మాటలు కావడం కూడా కలిసొచ్చింది.

మన బీరువాలకీ ఇది వర్తిస్తుంది. ‘ఉన్నవాటిలో అన్నిటికంటే గొప్పది ఏది?’ అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ఈమధ్య చదివిన పుస్తకం దేన్ని తలుచుకుంది? ఎవరి పేరు చెప్పింది? అక్కడినుంచి దారి దొరుకుతుంది. చలం చదివి వదిలేసిన చోట ఆయన్ని తిట్టినవాళ్లు గుర్తొస్తారు, కొడవటిగంటి ‘చదువు’ చదివితే ఆనాటి తెనాలి రచయితలంతా వరసకడతారు.

చిన్నది పట్టండి

బీరువా నిండుగా ఉన్నప్పుడు దాని ముందు నిలబడి ఎంచుకోవడమే పొరపాటంటారు కొందరు. 2000 సంవత్సరంలో అమెరికాలో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే ఇద్దరు పరిశోధకులు జామ్ సీసాలతో చేసిన ప్రయోగం ఒకటి బాగా పేరుపడింది. ఇరవై నాలుగు రకాలు పెట్టినప్పుడు రుచి చూసిన వాళ్లలో నూటికి ముగ్గురే కొన్నారు. ఆరే పెడితే ముప్ఫై మంది! తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్లు, అన్నిచోట్లా అలా జరగలేదని 2010లో తేల్చారనుకోండి. అదలా ఉంచినా, చేసి చూస్తే పోయేదేమీ లేదు. ఓ అయిదారు పుస్తకాలు బయటికి తీసి మంచం పక్కన పెట్టుకుని, బీరువాకి తాళం వేయడమే. ఆ తాళంచెవి ఇంట్లోవాళ్ల చేతికిస్తే ఇంకా మంచిది.

ఆ అయిదారూ ఏవి? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘వేయిపడగలు’ ఎప్పటినుంచో చదవాలనుకుంటున్నాం కదా అని దాన్నే ముందు తీస్తారు. వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉండే పుస్తకం. 1934లో అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి పంచుకున్న నవల, పి.వి.నరసింహారావు హిందీలోకి అనువదించిన నవల. గొప్పదే, కాదనరు. కానీ ఏళ్ల తరబడి చదివే అలవాటు తప్పిన మనిషి దానితో మొదలుపెడితే యాభయ్యో పేజీలో ఆగుతాడు. ఆగినందుకు తననే తిట్టుకుంటాడు. ఇంకో ఆర్నెల్లు ఏదీ ముట్టడు. అదే రావిశాస్త్రి ‘అల్పజీవి’ పట్టుకుంటే? చిన్న నవల. రెండు మూడు సాయంత్రాల్లో ముగుస్తుంది. చాన్నాళ్లకు ఒక పుస్తకం ముగించామన్న సంతోషం తర్వాతి దానికి పెట్టుబడి.

లావు పుస్తకాలకీ కాలం ఉంది. పత్తి, మిరప పండించే ఈ నేల మీద ఆ కాలం ఎప్పుడో వేరే చెప్పక్కర్లేదు. జనవరి నుంచి మిరపకోతలు, కల్లాల్లో ఆరబోతలు. ఇంటిల్లిపాదికీ క్షణం తీరిక ఉండదు. పుస్తకాల పండగ కూడా సరిగ్గా అప్పుడే రావడం ఓ విడ్డూరం! కొనే కాలమొకటి, చదివే కాలమొకటి. కాయ అమ్ముడైపోయి, గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చే మే నెల వచ్చేసరికి ఊళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. తీరంలోనూ అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు మరపడవలకు వేట విరామం. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు. బడులకీ సెలవులే. ‘వేయిపడగలు’ అయినా ‘యుద్ధము-శాంతి’ అయినా పట్టుకోవాల్సింది ఆ మధ్యాహ్నాల్లోనే. కోతల రోజులకి కథల పుస్తకం చాలు.

మరి మొదలుపెట్టాక నచ్చకపోతే? కష్టపడి కొన్నాం కదా అని పళ్లబిగువున చదవాలా? అమెరికాలో సియాటిల్‌కి చెందిన లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ దీనికో సూత్రం చెప్పారు. యాభై పేజీలు చదవండి, పట్టకపోతే వదిలేయండి. యాభై ఏళ్లు దాటినవాళ్లకి ఇంకో వెసులుబాటు... వందలోంచి మీ వయసు తీసేయండి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. అంటే మన మాస్టారికి నలభై. ఎనభై ఏళ్ల వాళ్లకి ఇరవై. వయసు పెరిగేకొద్దీ విసుక్కునే హక్కూ పెరుగుతుందన్నమాట!

అసలు పురుగు వచ్చేలోగా

బాగా చదివేవాళ్లని పుస్తకాల పురుగు అంటాం. అసలు పురుగు సంగతి సముద్రం దగ్గరి ఊళ్ల వాళ్లనడగాలి. ఉప్పుగాలి, ఉక్కపోత, వర్షాకాలం చెమ్మ. గోడకి ఆనించి పెట్టిన బీరువాలో వెనక వరస పుస్తకాలకి ముందు మచ్చలొస్తాయి, తర్వాత కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది, ఆపైన చెద. మనం తెరవని పుస్తకాన్ని అది మొదటి పేజీ నుంచి చివరిదాకా వదలకుండా చదివేస్తుంది! పాతకాలం వాళ్లు పుస్తకాల మధ్య ఎండిన వేపాకు పెట్టేవారు. బీరువాని గోడకి జానెడు దూరంగా జరిపి, రెండు నెలలకోసారి పుస్తకాలు తీసి నీడపట్టున గాలికి ఆరబెట్టి దులిపితే ఇంకా మేలు. దులుపుతున్నప్పుడే తెలుస్తుంది... ఏది చేతిలో కాసేపు ఆగిందో, దేన్ని చూడకుండా పక్కనపెట్టామో.

అలా పక్కన పెట్టినవాటికి కూడా ఓ దారి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేరకముందు లెక్కల మాస్టారుగా పనిచేసిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాశారు. ప్రపంచమంతా వాటిని పాఠంగా చదువుకుంటోంది. ప్రతి పాఠకుడికీ తనదైన పుస్తకం ఒకటుంటుందని రెండో సూత్రం చెబితే, ప్రతి పుస్తకానికీ తనదైన పాఠకుడు ఉంటాడని మూడోది చెబుతుంది. ఆ పాఠకుడు మనమే కానక్కర్లేదు. పోటీ పరీక్షలకు చదువుకునే పక్కింటి అబ్బాయి కావచ్చు, బడిలో ఖాళీగా ఉన్న అల్మరా కావచ్చు. ఇంటి పన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం కదా, దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి ఓసారి వెళ్లి అడిగితే ఏవి తీసుకుంటారో చెబుతారు. పాత పాఠ్యపుస్తకాలూ, చిరిగిన పంచాంగాలూ మూటగట్టి పంపేసి దానం అనడం మాత్రం ధర్మం కాదు.

మళ్లీ మన మాస్టారి దగ్గరికొద్దాం. ఆయన మూడొందల్నీ నడవాలో పరిచారనుకుందాం. కాఫీ గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చిన కోడలు ఆ వరసల మధ్యే చతికిలబడింది. సాయంత్రానికి నూటపది పుస్తకాలు ఒక పక్కకి చేరాయి, బడికి ఇవ్వడానికి. ఆ నూటపదిలో రెండు మళ్లీ వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి. చేతిలో మిగిలింది ‘మాలపల్లి’. అట్ట ఊడిపోతోంది, లోపల కాగితం బాగానే ఉంది.

‘‘దీన్ని నిషేధించారంటగా మావయ్యగారూ, అంతగా ఏముంది ఇందులో?’’

‘‘నాకూ తెలీదమ్మా’’ అన్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్లుగా ఆ పుస్తకం గురించి క్లాసులో చెబుతూ వచ్చిన మనిషి! కళ్లజోడు తుడుచుకుని, నలభయ్యో పేజీ దగ్గర చిన్న కాగితం ముక్క పెట్టుకుని, మొదటి పేజీ తిప్పారు.